ఎన్ని టన్నులు అన్నది మొదటి ప్రశ్న కాదు

వాణిజ్య భవనం కట్టేవారు ఏసీ గురించి నన్ను సంప్రదించినప్పుడు మొట్టమొదట అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఇన్ని చదరపు అడుగులకు ఎన్ని టన్నులు కావాలండీ? చిల్లర్ పెట్టించమంటారా, వీఆర్‌ఎఫ్ పెట్టించమంటారా?” చిల్లర్ అంటే నీటిని చల్లబరిచి భవనమంతా తిప్పే యంత్రం; వీఆర్‌ఎఫ్ అంటే చల్లబరిచే గ్యాస్‌నే ఒక బయటి యూనిట్ నుంచి పైపుల్లో ఎన్నో గదులకు పంపే ఏసీ. పొడవును వెడల్పుతో హెచ్చవేసి, ఇన్ని అడుగులకు ఒక టన్ను చొప్పున భాగించి, నిలుచున్నపాటున లెక్క చెప్పేవారు కావలసినంత మంది ఉన్నారు. ఈ పనిలోకి వచ్చి 20 ఏళ్లు దాటింది. మొదటి సగం డిజైన్లు గీస్తూ గడిపాను, మిగతా సగం ఇతరులు గీసిన డిజైన్లను, నేను గీసినవాటిని కూడా, నడుస్తున్న భవనాల్లో బాగుచేస్తూ గడుపుతున్నాను. ఆ రెండో సగమే నాకు అసలు చదువు చెప్పింది.

ఏడాది మొత్తంలో అత్యంత వేడిగా ఉండే కొద్ది గంటల కోసం మనం యంత్రాన్ని ఎంచుకుంటున్నాం. భవనమేమో మిగిలిన వేల గంటలు సగం భారంతోనో, పావు భారంతోనో బతుకుతుంది. భారం అంటే లోపలి నుంచి యంత్రం తీయవలసిన వేడి, తేమ. ఆ వేల గంటల్లో యంత్రం ఎలా నడుస్తుంది, గాలిలోని తేమను ఎంత లాగుతుంది, దాన్ని ఎవరు చూసుకుంటారు అనే ప్రశ్నలకు సమాధానం దొరికాకే టన్నుల మాట రావాలని నా వాదన. ఈ మాట అన్నప్పుడల్లా నేను విషయాన్ని అనవసరంగా పెద్దది చేస్తున్నానని కొందరు అనుకుంటారు. అందుకే నాకు ఈ నమ్మకం కలిగించిన భవనం సంగతితోనే మొదలుపెడతాను.

అది మూడంతస్తుల ఆఫీసు భవనం. దాని ఏసీ డిజైన్ నాదే. ఒక్కో అంతస్తుకు డక్టు యూనిట్లు (రేకు గొట్టాల ద్వారా చల్లగాలి పంపేవి) రెండు, ఒక్కొక్కటి 20 టన్నులది, అన్నీ ఒకే వేగంతో తిరిగే పాత తరహా కంప్రెసర్లు. భవనం తెరిచిన ఏడాదికి ఫిర్యాదులు మొదలయ్యాయి. చల్లగానే ఉందిగాని హాయిగా లేదని, కూర్చుంటే ఒంటికి చెమ్మగా ఉంటుందని, చల్లగాలి వచ్చే గ్రిల్లుల అంచుల నుంచి బల్లల మీద నీళ్లు కారుతున్నాయని చెప్పారు. నేను రెండో అంతస్తు మీటింగ్ గదిలో ఒక పూటంతా కూర్చున్నాను. బల్ల మీద ఉన్న కాగితాల దొంతర అంచులు పైకి మెలితిరిగి ఉన్నాయి. పై కాగితం చేత్తో ఎత్తితే నిటారుగా నిలవకుండా తడిబట్టలా వాలిపోయింది. కొలిచి చూస్తే గదిలో 23 డిగ్రీలు ఉంది, సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి పట్టగలిగిన తేమలో అప్పుడు ఉన్న వంతు, 72 శాతం ఉంది. ఆ గాలిలోని తేమ 17 డిగ్రీలకు కాస్త పైనుంచే నీరుగా మారడం మొదలుపెడుతుంది కాబట్టి, 14 డిగ్రీల గాలి వదిలే గ్రిల్లు చెమర్చడంలో ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత వాచీ పట్టుకుని యంత్రాల పక్కన నిలబడ్డాను. కంప్రెసర్లు 4 నిమిషాలు నడిచి 9 నిమిషాలు ఆగుతున్నాయి, మళ్లీ 4 నిమిషాలు నడిచి మళ్లీ ఆగుతున్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే వరస.

యంత్రం చిన్నదై ఇబ్బంది పెడుతోందని అందరూ అనుకున్నారు. నిజానికి అది భవనానికి మించి పెద్దదైపోయింది.

ఏసీ గాలిని చల్లబరచడం, ఆరబెట్టడం అనే రెండు పనులను ఒకే కాయిల్ మీద, అంటే చల్లని గ్యాసో నీరో పారే రేకుల పైపుల చుట్ట మీద, చేస్తుంది. చల్లబరచడం కంప్రెసర్ తిరగగానే మొదలవుతుంది. ఆరబెట్టడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. ముందు కాయిల్ చల్లబడాలి, దాని రేకుల మీద తేమ బిందువులుగా చేరాలి, ఆ బిందువులు బరువెక్కి జారి కింది తొట్టిలో పడాలి, అక్కడి నుంచి డ్రెయిన్ పైపులో బయటికి పోవాలి. నీరు పైపు దాకా చేరకముందే థర్మోస్టాట్ ‘చాలు’ అని కంప్రెసర్‌ను ఆపేస్తే, రేకుల మీద నిలిచిన తడి మీదుగా ఫ్యాన్ గాలి కొడుతూనే ఉంటుంది కనుక, పట్టిన తేమ అంతా తిరిగి గదిలోకే వెళుతుంది. గది చల్లబడుతుంది, ఆరదు. అప్పుడు లోపలివారు ఏం చేస్తారు? థర్మోస్టాట్‌ను 22కు, 20కి దించుతారు. గోడలు, గ్రిల్లులు ఇంకా చల్లబడి ఇంకా చెమరుస్తాయి. కరెంటు ఖర్చు పెరుగుతుంది, ఉక్క మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కాగితాన్ని చూసి నేను అంతగా కలవరపడటానికి ఒక కారణం ఉంది. ఆధునిక ఏసీ పుట్టిందే కాగితం కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో గాలిలోని తేమ మారినప్పుడల్లా కాగితం సాగుతూ కుంచించుకుపోతూ ఉండటంతో ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. ఆ తేమను అదుపులో పెట్టడానికి విల్లిస్ క్యారియర్ గీసిన యంత్రమే ఈ విద్యకు ఆరంభం. అది మనుషులను చల్లబరచడానికి తయారైనది కాదు. నూరేళ్లు గడిచాక, తేమ కోసం పుట్టిన యంత్రాన్ని ఒక్క చల్లదనం అంకెతోనే కొనే స్థితికి వచ్చాం.

అసలు టన్ను అనే మాట కూడా ఐసు వ్యాపారం రోజుల నుంచి వచ్చింది. దాదాపు 907 కిలోల ఐసు ఒక రోజంతా కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, ఆ వేగంతో వేడిని తీసే శక్తి ఒక టన్ను. ఇప్పటి లెక్కలో అది గంటకు 12,000 బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం), అంటే 3.5 కిలోవాట్లు. ఇందులో వేడి ఎంత, తేమ ఎంత అనే విభజన లేదు. ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషి ఒంటి నుంచి సుమారు 130 వాట్ల భారం వస్తుందని డిజైన్‌లో లెక్కిస్తాం. అందులో 75 వేడిగా వస్తే 55 తేమగా వస్తుంది. ఆ 55 వాట్లంటే గంటకు 80 మిల్లీలీటర్ల నీరు. 100 మంది ఉన్న హాలులో గంటకు 8 లీటర్ల నీరు కంటికి కనబడకుండా గాలిలో కలుస్తుంది. ఆ నీటిని బయటికి పంపే దారి సరిగ్గా లేకపోతే ఎన్ని టన్నులు పెట్టినా లాభం లేదు.

మరి అంత పెద్ద యంత్రం ఆ భవనంలోకి ఎలా వచ్చింది? నేనే తెచ్చాను, నాతోపాటు మరికొందరు. నా లెక్కలో ఒక్కో అంతస్తుకు 28 టన్నులు వచ్చాయి. ఆ లెక్కలోనే అన్ని దీపాలు వెలుగుతున్నాయని, అన్ని కుర్చీల్లో మనుషులు ఉన్నారని, అదే క్షణంలో పడమటి ఎండ గోడ మీద పడుతోందని అనుకున్నాను. ఎందుకైనా మంచిదని దాని మీద 10 శాతం కలిపాను. నా లెక్కను తనిఖీ చేసిన పెద్దాయన భద్రత కోసం ఇంకో 10 శాతం కలిపారు. యంత్రాలు అమర్చిన కాంట్రాక్టరు రేపు మాట పడకూడదని మరో 10 శాతం కలిపాడు. ఆ మూడు పదులూ ఒకదాని మీద ఒకటి హెచ్చితే 33 శాతం అవుతుంది. 28 కాస్తా 37 అయింది. సరిగ్గా 37 ఇచ్చే మోడల్ లేదు కాబట్టి 40 పెట్టారు. తర్వాత నేను మీటర్లు బిగించి కొలిస్తే ఆ అంతస్తు భారం ఏనాడూ 24 దాటలేదు. ఎక్కువ రోజులు 12కీ 15కీ మధ్యే ఉంది.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. అందుకే ఇది ఇన్ని భవనాల్లో మళ్లీ మళ్లీ జరుగుతోంది. యంత్రం చిన్నదైతే నింద ఫలానావారిదని వేలెత్తి చూపవచ్చు. పెద్దదైతే ఎవరి తప్పూ బయటపడదు, కరెంటు బిల్లులో, నడుం నొప్పిలా లోలోపల ఏళ్ల తరబడి బాధపెడుతూ ఉంటుంది. పైగా చాలా చోట్ల కన్సల్టెంటు రుసుము పని విలువలో శాతంగా ఉంటుంది, కాంట్రాక్టరు లాభం సరుకు విలువతో పెరుగుతుంది, భవనం కట్టినవారు ఒకరైతే బిల్లు కట్టే అద్దెదారు మరొకరు. పెద్ద యంత్రం వల్ల ఈ వరసలో నష్టపోయేది చివరి మనిషి ఒక్కడే. యంత్రం ఎంచుకునే రోజు ఆ మనిషి ఆ గదిలో ఉండడు.

అందువల్ల నన్ను అడిగితే మొదట చూడవలసింది యంత్రాన్ని కాదు, ఎండను. పడమటి వైపంతా అద్దాలు పెట్టించి, ఆ అద్దాల గుండా వచ్చే వేడిని తీయడానికి అదనంగా టన్నులు కొనడం చూస్తే ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న సామెతే గుర్తుకొస్తుంది. అద్దం లోపలి వైపు కర్టెన్ వేసేసరికి వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. దాన్ని గోడకు బయటే నీడతో ఆపాలి. దీపాల సంగతీ అంతే. ట్యూబులైట్ల రోజుల్లో స్థిరపడిన చదరపు అడుగుల సూత్రాలను ఎల్‌ఈడీలు వచ్చాక కూడా వాడుతూ ఉండటం వల్ల ఎప్పుడో తగ్గిపోయిన భారానికి ఇప్పటికీ యంత్రాలు కొంటున్నాం. భారం తగ్గించాక, గంట గంటకు అది ఏడాది పొడవునా ఎలా మారుతుందో లెక్క వేయించాలి. దానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఆ లెక్క చేసేవారూ ఉన్నారు. భవనం ఖర్చులో దాని వాటా కంటికి ఆనదు.

ఆ గంటల లెక్క చేతికి వస్తే చాలా ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి. చిల్లర్ల సామర్థ్యాన్ని కొలిచే అమెరికన్ ప్రమాణంలో ఐపీఎల్‌వీ అనే అంకె ఒకటి ఉంది. యంత్రం 100 శాతం భారం దగ్గర, 75 దగ్గర, 50 దగ్గర, 25 దగ్గర ఎంత పొదుపుగా నడుస్తుందో చూసి వాటిని కలిపే అంకె అది. అందులో పూర్తి భారానికి ఇచ్చిన ప్రాధాన్యం 1 శాతం మాత్రమే; 75కు 42, 50కి 45, 25కు 12. మనం కేటలాగు తెరిచి మొదట చూసేది ఆ 1 శాతం గురించిన అంకెనే. ఐపీఎల్‌వీ కూడా సగటు భవనాన్ని ఊహించి కట్టిన లెక్కే కాబట్టి దాన్ని వేదవాక్కుగా తీసుకోమనను. రెండు మూడు చిల్లర్లు కలిసి పనిచేసే ప్లాంట్‌లో ఒక్కొక్కటీ వేరే తీరున నడుస్తుంది. అయినా యంత్రం అమ్మేవారిని సగం భారం దగ్గరి అంకె అడగండి. అడిగిన వెంటనే చెప్పగలిగిన వారితో మాట్లాడటం వేరుగా ఉంటుంది.

ఫ్యాన్లు, పంపుల విషయంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఫ్యాన్ వేగాన్ని 80 శాతానికి దించితే అది తినే కరెంటు, సిద్ధాంతం ప్రకారం, దాదాపు సగానికి పడిపోతుంది. సగం వేగానికి దించితే ఎనిమిదో వంతు అవుతుంది. వేగం మార్చుకునే వీలు లేని ఫ్యాను, సగం భారం ఉన్న రోజు కూడా నిండు భారం ఉన్నట్టే తిరుగుతుంది.

ఇక చిల్లరా, వీఆర్‌ఎఫా అన్న ప్రశ్న. దీనికి అన్ని భవనాలకూ సరిపోయే సమాధానం నా దగ్గర లేదు. ఏ భవనానికి ఏది నప్పుతుందో చెప్పే కొన్ని గుర్తులు మాత్రం ఉన్నాయి.

చిన్న దుకాణాలకు, విడివిడిగా తాళాలు వేసుకునే గదులకు స్ప్లిట్లు చాలు. ఒకే పెద్ద హాలు, పైన ఖాళీ కప్పు ఉన్న ఒకే అంతస్తు భవనానికి కప్పు మీద పెట్టే, అన్ని భాగాలూ ఒకే పెట్టెలో ఉండే ప్యాకేజ్ యూనిట్లు తేలికైన దారి. వీటి గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు.

వీఆర్‌ఎఫ్‌ను 1982లో జపాన్‌లో డైకిన్ సంస్థ మొదటిసారి తెచ్చింది. వీఆర్‌వీ అన్న పేరు వారి సొంతం కనుక మిగతా తయారీదారులు వీఆర్‌ఎఫ్ అంటారు. ఒక బయటి యూనిట్ నుంచి సన్నని రాగి పైపుల ద్వారా గ్యాస్‌ను ఎన్నో గదులకు, ఏ గదికి ఎంత కావాలో అంతే పంపడం దీని ప్రత్యేకత. కొన్ని గదులు వాడుకలో ఉండి కొన్ని మూసి ఉండే భవనాలకు, ఫాల్స్ సీలింగ్ పైన డక్టుకు చోటు లేని పాత కట్టడాలకు, అంతస్తు అంతస్తుకు అద్దెదారు మారే చోట్లకు ఇది చక్కగా నప్పుతుంది. తక్కువ భారం దగ్గర పొదుపుగా నడుస్తుంది. నేనే ఎన్నో చోట్ల దీన్ని పెట్టించాను.

అయితే అమ్మేటప్పుడు చెప్పని సంగతులు దీనికీ ఉన్నాయి. భవనం నిండా తిరిగే పైపుల్లో గ్యాస్ ఉంటుంది, వాటికి వందల కొద్దీ అతుకులు ఉంటాయి. ఏ అతుకు దగ్గర లీకు ఉందో సీలింగ్ పలకలు ఒక్కొక్కటీ తీసి సబ్బు నురగ పూసి వెతికిన రాత్రులు నాకు గుర్తున్నాయి. పైపు పొడవు పెరిగే కొద్దీ యంత్రం సత్తా తగ్గుతుంది. కేటలాగులోని అంకె ఆ తగ్గుదలకు ముందుది. చిన్న గదిలోకి మొత్తం వ్యవస్థ గ్యాస్ ఒక్కసారి లీకైతే ఆ గదిలో ఊపిరి ఆడటానికి చాలినంత గాలి మిగులుతుందో లేదో గది గదికీ లెక్క చూడాలి. తాళం వేసుకుని పడుకునే హోటల్ గదుల్లో ఈ లెక్క వదిలేయడం క్షమించరానిది. కరెంటు ఆదా కోసం తక్కువ భారం దగ్గర కాయిల్‌ను కాస్త వెచ్చగా నడిపే పద్ధతి చాలా మోడళ్లలో ఉంది. పొడి వాతావరణంలో అది వరమే. గాలి తేమగా ఉన్న చోట నా మీటింగ్ గది కథే మళ్లీ మొదలవుతుంది. చివరిగా, సర్క్యూట్ బోర్డు పాడైతే అది అదే తయారీదారు నుంచి రావాలి. 12 ఏళ్ల తర్వాత ఆ బోర్డు దొరుకుతుందా అని కొనే రోజే రాతపూర్వకంగా అడగాలి.

చిల్లర్ ఉన్నచోట భవనంలో తిరిగేది నీరు. ఒకే పరిమాణంలో, ఒకే ఉష్ణోగ్రతా తేడాతో చూస్తే నీరు గాలి కంటే 3,500 రెట్ల వేడిని మోయగలదు. మనిషి పట్టేంత డక్టు చేసే పనిని ఒక పైపు చేస్తుందంటే కారణం అదే. చిల్లర్ దగ్గర 7 డిగ్రీల నీరు బయలుదేరి 12 డిగ్రీలతో తిరిగివచ్చే ఏర్పాటు చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ చల్లదనానికి కాయిల్ తేమను బాగా పిండుతుంది, వాల్వు సాయంతో నీటిని తగ్గిస్తూ పెంచుతూ గంటల తరబడి నిలకడగా పనిచేస్తుంది. గ్యాస్ మాత్రం యంత్రాలుండే ప్లాంట్ రూమ్ దాటి బయటికి రాదు. సరిగ్గా చూసుకుంటే చిల్లర్ 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. ఆసుపత్రి, పెద్ద మాల్, రోజంతా నిండుగా ఉండే పెద్ద ఆఫీసు లాంటి వాటికి నా మొగ్గు ఇటే.

గాలితో చల్లబడే చిల్లర్ కంటే నీటితో చల్లబడేది కరెంటు దాదాపు సగమే తీసుకుంటుంది. ఒక యూనిట్ కరెంటుకు మొదటిది సుమారు 3 యూనిట్ల వేడిని తీస్తే రెండోది 6 దాకా తీస్తుంది. పంపుల ఖర్చు, నీటిలోని వేడిని బయటి గాలికి వదిలే కూలింగ్ టవర్ ఫ్యాన్ల ఖర్చు కలిపితే ఆ తేడా కొంత తగ్గుతుంది. దీనికి చెల్లించే అసలు మూల్యం నీరు. ఒక టన్ను ఒక గంట నడిస్తే కూలింగ్ టవర్‌లో దాదాపు 6 లీటర్ల నీరు ఆవిరవుతుంది, అది కాక లవణాలు పేరుకోకుండా వదిలేసే నీరు ఉంటుంది. 300 టన్నుల ప్లాంట్ రోజుకు 10 గంటలు సగం భారంతో నడిచినా 9,000 లీటర్లు గాలిలో కలిసిపోతాయి. నీటికి కటకట ఉన్నచోట ఈ లెక్క చూడకుండా కరెంటు లెక్క ఒక్కటే చూపేవారిని నమ్మకండి. టవర్ నీటిని శుద్ధి చేయడంలో నిర్లక్ష్యం ప్రాణాంతకం కూడా. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారు అంతుచిక్కని న్యుమోనియాతో చనిపోయాకే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా సంగతి లోకానికి తెలిసింది. వెచ్చని, మురికి నీరు దానికి నెలవు. నీటి శుద్ధికి మనిషిని పెట్టుకోలేని భవనానికి కూలింగ్ టవర్ వద్దని నేను నిర్మొహమాటంగా చెబుతాను, కరెంటు ఎంత మిగిలినా సరే.

చిల్లర్ ఎంచుకున్నాక దాన్ని ఎన్ని ముక్కలుగా పెట్టాలన్నది ఇంకో మెట్టు. 300 టన్నులకు ఒకటే పెద్ద చిల్లర్ పెడితే సాయంత్రం అందరూ వెళ్లాక మిగిలిన 30 టన్నుల కోసం అది ఆయాసపడుతుంది. రెండు 120లు, ఒక 60 పెడితే చిన్న భారాన్ని చిన్నది మోస్తుంది, ఒకటి పాడైనా భవనం మూతపడదు. ఇక సర్వర్ గదిని దయచేసి ఈ ప్లాంట్‌కు తగిలించకండి. రాత్రంతా, సెలవు రోజంతా నడవవలసిన ఆ ఒక్క గది కోసం మొత్తం ప్లాంట్‌ను మేలుకొలపడం ఎంత దండగో, అలాంటి ఒక భవనం బిల్లులు చూసి తెలుసుకున్నాను. దానికి వేరే యంత్రం ఉండాలి.

బయటి గాలి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు కత్తెర మొదట పడేది దీని మీదే. స్ప్లిట్‌గాని, వీఆర్‌ఎఫ్ క్యాసెట్ (సీలింగ్‌లో బిగించే లోపలి యూనిట్) గాని గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తాయి. కొత్త గాలిని తీసుకురావు. అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే పెట్టిన 62.1 ప్రమాణం ఆఫీసులకు మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, దానికి తోడు ప్రతి చదరపు మీటరుకు 0.3 లీటరు చొప్పున బయటి గాలి కావాలంటుంది. అది లేని మీటింగ్ గదిలో తలుపు వేసుకుని పది మంది గంటసేపు కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. అది చర్చ విసుగెత్తడం వల్ల కాదు, గాలి పాతబడటం వల్ల. అయితే బయటి గాలితో పాటే బయటి తేమా వస్తుంది. తేమ భారంలో పెద్ద వాటా చాలా భవనాల్లో దానిదే. అందుకని బయటి గాలిని ముందే ఆరబెట్టి పంపే యూనిట్‌ను వేరుగా పెట్టి, గదుల్లోని యంత్రాలకు చల్లబరిచే పని మాత్రమే వదిలేయడం నాకు తెలిసిన పద్ధతుల్లో అన్నిటికంటే మేలైనది. బయటికి పంపేసే చల్లని గాలి చేత లోపలికి వచ్చే గాలిని ముందుగా చల్లబరిపించే చక్రాలు కూడా ఉన్నాయి. ఏసీ మీద ఖర్చు తగ్గించక తప్పకపోతే టన్నులు తగ్గించండి, ఈ యూనిట్ జోలికి పోకండి.

బయటి యూనిట్లు ఎక్కడ పెడతారన్నది ఆర్కిటెక్టుతో తేల్చుకోవలసిన విషయం, అదీ పునాది వేయకముందు. ఒక భవనంలో అందం చెడకూడదని అన్ని అంతస్తుల బయటి యూనిట్లనూ ఒక ఇరుకు సందులో ఒకదాని మీద ఒకటి పెట్టి ముందు రేకుల జాలీ బిగించారు. మధ్యాహ్నం పై అంతస్తు యంత్రాలు వరసగా ట్రిప్ అయ్యేవి. వీధిలో 36 డిగ్రీలు ఉన్నప్పుడు నేను పై యూనిట్ గాలి పీల్చుకునే వైపు థర్మామీటర్ పెడితే 47 చూపింది. కింది యూనిట్లు వదిలిన వేడిగాలిని పై యూనిట్లు పీలుస్తున్నాయి. ఈ యంత్రాల సత్తాను బయట 35 డిగ్రీల దగ్గర కొలిచి కేటలాగులో రాస్తారు. 47 దగ్గర ఆ అంకెకు అర్థం లేదు. అక్కడ ఇంకో రెండు యూనిట్లు కలపమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. కలిపి ఉంటే ఆ సందు ఇంకా కాగిపోయేది. జాలీ రేకులు తీయించి, ఫ్యాన్ గాలి నేరుగా సందు దాటి బయటికి పోయేలా రేకుతో గొట్టాలు చేయించాం. యంత్రాలు అవే, ట్రిప్ కావడం ఆగింది.

గ్యాస్ విషయంలో కొనేవారు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు: యంత్రం బతికినంత కాలం ఆ గ్యాస్ దొరకాలి. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్-22 అనే పాత ఏసీ గ్యాస్‌కు 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తెర దించుతోంది. భూతాపాన్ని పెంచే వాటిని తగ్గించాలని 2016లో కిగాలిలో ఆ ఒప్పందాన్ని సవరించారు. భూతాపంలో కార్బన్ డయాక్సైడ్‌ను 1 అనుకుంటే ఆర్-410ఏ అనే ఏసీ గ్యాస్ ప్రభావం 2,088, ఆర్-32ది 675. ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి గది విస్తీర్ణానికి తగినంతే వాడాలి. రాబోయే 15 ఏళ్లలో తగ్గిపోనున్న గ్యాస్‌తో నడిచే యంత్రం చవకగా వస్తుంటే, అది చవకగా ఎందుకు వస్తోందో ఆలోచించాలి.

యంత్రాన్ని ఎవరు నడుపుతారన్నది నేను అడిగే ప్రశ్నల్లో చివరిది, కాని నా నిర్ణయాన్ని తరచుగా తారుమారు చేసేది అదే. ఎంత గొప్ప ప్లాంట్ పెట్టినా, దాన్ని అర్థం చేసుకునే మనిషి లేనిచోట ఆర్నెల్లకు ఆటోమేటిక్ పద్ధతులన్నీ ఆపేసి చేత్తో ఆన్, ఆఫ్ చేస్తుంటారు. క్యాసెట్ తొట్టిలో నాచు పట్టి నీరు కారుతుంటే, దాన్ని శుభ్రం చేయడానికి సీలింగ్‌లో తలుపే వదలకపోవడంతో జిప్సమ్ బోర్డును రంపంతో కోయించిన సందర్భాలు నాకు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. డ్రాయింగులో ఆ చిన్న తలుపులు గీయడానికి పట్టేది ఒక పూట. ఫిల్టర్ తీయాలంటే ఎవరు నిచ్చెన ఎక్కాలి, నిచ్చెన ఎక్కడ నిలబడుతుంది, ఆ సమయంలో కింద ఎవరి బల్ల జరపాలి అనే ప్రశ్నలను డిజైన్ సమావేశంలో అడిగితే కొందరు చిన్నచూపు చూస్తారు. నేను అడుగుతూనే ఉన్నాను.

మొదట చెప్పిన ఆ మూడంతస్తుల భవనానికి చివరికి మేము చేసింది చాలా తక్కువ. ప్రతి అంతస్తులోనూ రెండు యూనిట్లలో ఒకదాన్ని మామూలు వేళల్లో ఆపి ఉంచాం. అది ఆగి ఉన్నంతసేపు దాని డక్టు మొదట్లో పెట్టిన తలుపు మూసి ఉండేలా, ఫ్యాను కూడా తిరగకుండా చేశాం. మిగిలిన 20 టన్నుల యూనిట్ ఒంటరిగా భారం మోయలేని వేడి మధ్యాహ్నాల్లో మాత్రమే రెండోది దానంతట అది లేచేలా కంట్రోల్ మార్చాం. వారానికోసారి రెండింటి వంతులు మారుతాయి. బయటి గాలిని ఆరబెట్టి పంపే చిన్న యూనిట్‌ను ప్రతి అంతస్తుకూ ఒకటి కొత్తగా పెట్టాం. యజమానికి మొదట ఈ మాట మింగుడుపడలేదు. డబ్బు పోసి కొన్న యంత్రాన్ని ఆపేయమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. రెండు వారాలు చూడండి, నచ్చకపోతే మళ్లీ ఆన్ చేసేద్దామని ఒప్పించాను.

పదో రోజున అదే మీటింగ్ గదికి వెళ్లాను. థర్మోస్టాట్‌ను ఎవరో 24కు పెట్టారు, మునుపటి కంటే ఒక డిగ్రీ ఎక్కువ. ఆర్ద్రత 56 శాతం ఉంది. గ్రిల్లు అంచు వేలితో తుడిచి చూశాను, పొడిగా ఉంది. బయట కంప్రెసర్ ఒక్కటే దాదాపు ఆగకుండా తిరుగుతోంది; నేను నిలబడ్డ అరగంటలో అది ఒక్కసారే ఆగింది. తొట్టి నుంచి వచ్చే డ్రెయిన్ పైపు చివర, ఇంతకు ముందు అప్పుడొక చుక్క అప్పుడొక చుక్క పడే చోట, సన్నని ధార తెగకుండా కారుతోంది.